గ్రూపులో పెట్టాం కదా: కలిసి చేసే పని, కొత్త పరికరాలు, పాత అధికారాలు

(స్వచ్ఛంద సంస్థల్లోనూ మహిళా సంఘాల్లోనూ పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్థల్లో కలిసి పనిచేయడానికీ, ప్రాజెక్టులు నడపడానికీ సోషల్ సాఫ్ట్‌వేర్‌ని ఎలా ఉపయోగించుకోవాలి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. హింస గురించి, కూలి గురించి, చట్టాల గురించి మాట్లాడుకునే మన సమావేశాల్లో ఈ కంప్యూటర్ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అయితే పని ఎవరు చేస్తున్నారు, ఆ పని ఎవరి లెక్కలోకి వెళుతోంది, నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయి, ఎవరి సమయానికి విలువ ఉంది అన్నవి స్త్రీవాదానికి మొదటి నుంచీ మూల ప్రశ్నలు. ఇవాళ మన సంస్థల్లో ఈ ప్రశ్నలన్నీ చేతిలో ఉన్న ఫోను చుట్టూ తిరుగుతున్నాయి. అందుకే ఈ విషయాన్ని సాంకేతిక నిపుణులకి వదిలెయ్యకుండా మనమే చర్చించుకోవాలి.

ముందు మాటకి అర్థం చెప్పుకుందాం. పదిమంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికీ, ఒకే కాగితం మీద అందరూ రాయడానికీ, పనులు పంచుకోవడానికీ, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికీ వీలు కల్పించే సాఫ్ట్‌వేర్లన్నిటినీ కలిపి సోషల్ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. 2002 ప్రాంతంలో అమెరికన్ రచయిత క్లే షిర్కీ ఈ మాటని ప్రచారంలోకి తెచ్చాడు. వస్తువు మాత్రం అంతకన్నా పాతది. పెద్ద కంపెనీల కోసం లోటస్ నోట్స్ 1989లో వచ్చింది. ఎవరైనా రాసి ఎవరైనా దిద్దగలిగే వికీ 1995లో వచ్చింది. వాట్సాప్ 2009లో, ట్రెలో 2011లో, స్లాక్ 2013లో మొదలయ్యాయి. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని సుమారు 1900 కోట్ల డాలర్లకి కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2021లో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ స్లాక్‌ని సుమారు 2770 కోట్ల డాలర్లకి కొన్నది. మనుషులు కలిసి పనిచేసే తీరు మీద మార్కెట్‌కి ఎంత ఆశ ఉందో ఈ అంకెలు చెబుతాయి.

మన సంస్థల్లో స్లాక్, ట్రెలో లాంటివి తక్కువ. మనకి ఆఫీసు, రిజిస్టరు, మీటింగు అన్నీ వాట్సాప్ గ్రూపే. మనందరి నోటా నానుతున్న మాట ఒకటుంది: "గ్రూపులో పెట్టాం కదా, చూడలేదా?" ఈ మాట వినడానికి చాలా చిన్నది. కానీ దాంతో ఒక బాధ్యత ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి నెత్తిమీదకి మారిపోతుంది. చెప్పవలసినవాళ్ళ పని అయిపోయింది. ఇక చూడకపోవడం, చెయ్యకపోవడం అవతలి మనిషి తప్పు. ఆ మనిషి ఆ సమయంలో ఏం చేస్తోంది, ఆమె ఫోనులో డేటా ఉందా, ఆమె చదవగలదా అన్నది ఎవరికీ పట్టదు. ఈ మాట దగ్గర్నుంచే నా ప్రసంగం మొదలుపెడతాను.

పని ఒకరిది, ఫలితం ఒకరిది

సమిష్టి పని కోసం తయారైన సాఫ్ట్‌వేర్ల మీద పరిశోధన 1980లలోనే మొదలైంది. 1988లో జోనాథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు ఈ సాఫ్ట్‌వేర్లు ఎందుకు విఫలమవుతున్నాయో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పిన ముఖ్య కారణం చాలా సరళం: అదనపు పని ఒకరు చెయ్యాలి, దాని లాభం ఇంకొకరికి దక్కుతుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఉమ్మడి క్యాలెండర్ ఒకటి. ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ తమతమ పనుల వేళలు అందులో ఎక్కించాలి. దానివల్ల సుఖం ఎవరికి? మీటింగు పెట్టే మేనేజరుకి. మిగతావాళ్ళకి అది ఒక అదనపు చాకిరీ. కాబట్టి వాళ్ళు మెల్లగా ఎక్కించడం మానేస్తారు. మానేసినప్పుడు "మనవాళ్ళకి క్రమశిక్షణ లేదు, ట్రైనింగు ఇవ్వాలి" అంటారు. సమస్య శిక్షణది కాదు, పని పంపకానిది.

1992లో వాండా ఓర్లికోవ్‌స్కీ ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో లోటస్ నోట్స్ ప్రవేశపెట్టినప్పుడు ఏం జరిగిందో పరిశీలించింది. ఉద్యోగులు తమకి తెలిసినవన్నీ అందులో పెట్టి ఒకరికొకరు సాయపడతారని యాజమాన్యం ఆశించింది. కానీ ఆ కంపెనీలో ప్రమోషన్లన్నీ వ్యక్తిగత పోటీ మీద నడుస్తాయి. తన దగ్గరున్న సమాచారమే తన బలం అయినప్పుడు దాన్ని పదిమందికీ ఎవరు పంచుతారు? పైగా ప్రతి గంటనీ ఏదో ఒక క్లయింటు ఖాతాలో రాయాలి. కొత్త పరికరం నేర్చుకునే గంటలు ఎవరి ఖాతాలో రాయాలి? అందుకని చాలామంది దాన్ని పక్కనపెట్టారు, లేకపోతే సొంత పనికి మాత్రం వాడుకున్నారు. సహకారం లేని చోట సాఫ్ట్‌వేర్ వచ్చి సహకారాన్ని సృష్టించదు. అక్కడ ఉన్న సంబంధాలనే అది ఇంకొంచెం గట్టిపరుస్తుంది.

ఈ రెండు పాఠాలూ మనకి ఎంతో దగ్గరివి. ఫండింగ్ సంస్థకి త్రైమాసిక నివేదిక కావాలి. అందుకోసం గ్రామాల్లో తిరిగే కార్యకర్త ప్రతి మీటింగుకీ ఫొటో తియ్యాలి, హాజరు లెక్క పంపాలి, షీటు నింపాలి. ఆ షీటు వల్ల ఆమె రేపటి పనికి ఏమైనా సాయం జరుగుతోందా? ఆమె పంపిన లెక్కలు తిరిగి ఆమె చేతికి ఏ రూపంలోనైనా వస్తున్నాయా? చాలాచోట్ల రావు. పైకి వెళ్ళిన సమాచారం కిందికి దిగదు.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ నిధుల్లో పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. సమన్వయం, రికార్డులు, లెక్కలు, సిబ్బంది జీతాల్లో కొంత భాగం ఈ పద్దులోకే వస్తాయి. ఖర్చు తగ్గించమన్నారు కానీ పని తగ్గలేదు. ఆ పని కార్యకర్తల సొంత ఫోనులోకి, సొంత రీచార్జిలోకి, ఇంట్లో గడిపే రాత్రి సమయంలోకి జారింది.

అందరూ సమానమేనా?

గ్రూపు అనగానే ఒక సమానత్వ భావన కలుగుతుంది. డైరెక్టరూ అందులో ఉంటుంది, వంట చేసే ఆమే ఉంటుంది. ఎవరైనా రాయవచ్చు. అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లో చేసిన ఒక ప్రసంగం "నిర్మాణరాహిత్యపు నిరంకుశత్వం" అన్న అర్థం వచ్చే పేరుతో తర్వాత అచ్చయింది. ఆనాటి స్త్రీ విముక్తి బృందాలు నాయకులు వద్దు, నియమాలు వద్దు అనుకున్నాయి. నియమాలు లేనంత మాత్రాన అధికారం లేకుండా పోదని ఆమె వాదించింది. అధికారం కనిపించకుండా స్నేహబృందాల్లోకి వెళుతుంది. దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు, ఎందుకంటే అది ఉన్నట్టే ఎవరూ ఒప్పుకోరు.

వాట్సాప్ గ్రూపుకి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. అక్కడ ఎవరి మాట చెల్లుతుందో చూడండి. వెంటనే జవాబివ్వగలిగినవాళ్ళది, తెలుగైనా ఇంగ్లీషైనా వేగంగా టైపు చెయ్యగలిగినవాళ్ళది, రాత్రి పదింటికి ఫోను చూసుకునే తీరిక ఉన్నవాళ్ళది. ఒక ఉదాహరణ అనుకుందాం. సాయంత్రం ఏడింటికి ఎవరో "వచ్చే నెల శిబిరం ఎక్కడ పెడదాం?" అని అడుగుతారు. ఏడున్నరకల్లా నలుగురు పట్టణంలోని హాలు పేరు చెబుతారు. ఎనిమిదింటికి "సరే, అడ్వాన్సు కట్టేశాం" అని వస్తుంది. ఊళ్ళో ఉన్న కార్యకర్త వంట ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి పదింటికి చూస్తుంది. ఆ హాలుకి రావాలంటే తన ఊరి ఆడవాళ్ళు రెండు బస్సులు మారాలి. అప్పటికి నిర్ణయం అయిపోయింది. ఇప్పుడు అభ్యంతరం చెబితే తనే అడ్డం పడుతున్నట్టు ఉంటుంది. కాబట్టి దణ్ణం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటుంది. ఆ బొమ్మని మనం అంగీకారంగా లెక్కేస్తాం.

సాయంత్రం ఏడున్నరకి ఎవరు ఏం చేస్తుంటారన్నది ఊహ మీద ఆధారపడే విషయం కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి వెచ్చించారు. 2019 సర్వేలో అవి 299, 97. ఐదేళ్ళలో ఈ తేడా ఒక్క నిమిషం తగ్గింది. ఇక ఫోను సంగతి. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 54 శాతం ఆడవాళ్ళు మాత్రమే తాము స్వయంగా వాడుకునే ఫోను ఉందన్నారు. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయన్నది నిజమే. అయినా "అందరూ గ్రూపులో ఉన్నారు" అన్నప్పుడు ఆ "అందరూ" ఎవరో ప్రతిసారీ అడగాలి. ఫోను ఆమెదే అయినా అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉండే ఇళ్ళు మనకి తెలుసు.

ఇందులో కులం, వర్గం పాత్ర కూడా చెప్పుకోవాలి. దళిత, ఆదివాసీ కార్యకర్తలు ఊళ్ళు తిరిగి సమాచారం తెస్తారు. ఇంగ్లీషు వచ్చిన ఒకరిద్దరు దాన్ని నివేదికగా మారుస్తారు. ఫలితంగా మొదటివాళ్ళు సమాచారం సేకరించినవాళ్ళుగా, రెండోవాళ్ళు రచయితలుగా మిగులుతారు. ఈ విభజన కాగితం రోజుల్లోనూ ఉంది, సాఫ్ట్‌వేర్ రోజుల్లోనూ ఉంది.

ఎవరు ఎవరికి కనిపిస్తారు?

ఆడవాళ్ళ శ్రమ కనిపించదని మనం ఏళ్ళ తరబడి చెబుతున్నాం. కనిపించాలని పోరాడుతున్నాం. మరి ఈ పరికరాలు అన్నిటినీ కనిపించేట్టు చేస్తున్నాయి కదా, అది మంచిదే కదా అని అడగవచ్చు. సుసాన్ లీ స్టార్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1999లో ఈ విషయం మీదే రాశారు. పని కనిపించడానికి రెండు వైపులుంటాయి. కనిపిస్తే గుర్తింపు రావచ్చు, వేతనం రావచ్చు. అలాగే కనిపిస్తే నిఘా కూడా రావచ్చు. ఏ వైపు వస్తుందన్నది చూసేది ఎవరన్నదాని మీద ఆధారపడుతుంది.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణలున్నాయి. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీల కోసం పోషణ్ ట్రాకర్ అనే యాప్ ప్రవేశపెట్టింది. అదే ఏడాది మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు పాడవుతున్నాయని, యాప్ తమ భాషలో లేదని ఫోన్లని తిరిగి ఇచ్చేసే ఉద్యమం చేశారు. ఆ ఏడాదే హర్యానాలో ఆశా కార్యకర్తలు తమ ఫోన్లలో పెట్టమన్న ఒక యాప్ తాము ఎక్కడికి వెళుతున్నామో కనిపెట్టడానికేనంటూ వ్యతిరేకించారు. ఉపాధి హామీ పనుల్లో 2021లో మొదలుపెట్టిన హాజరు యాప్‌ని 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పని స్థలాలకీ తప్పనిసరి చేశారు. రోజుకి రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి హాజరు పడదు. ఆ ఏడాది ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఉపాధి కూలీలు చేసిన ధర్నాలో ఈ యాప్ రద్దు ముఖ్యమైన డిమాండు.

ఈ మూడింటిలోనూ పనిచేసేవాళ్ళలో అధిక భాగం ఆడవాళ్ళు. ఆశాలకీ అంగన్‌వాడీలకీ ఇచ్చేదాన్ని జీతం అనరు. గౌరవ వేతనం అంటారు, ప్రోత్సాహకం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెబితే తప్ప అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ హక్కు ఉందని ఒప్పుకోలేదు. అంటే నిఘా పెట్టడానికి వాళ్ళు ఉద్యోగులు, జీతం ఇవ్వడానికి స్వచ్ఛంద సేవకులు. గర్భిణిని ఒప్పించడానికి ఆశా మూడుసార్లు ఆ ఇంటి గడప తొక్కుతుంది, అత్తగారితో గంటసేపు మాట్లాడుతుంది. ఆ మాటకి యాప్‌లో గడి ఉండదు. నమోదు చేసిందా లేదా అన్నదానికి ఉంటుంది. పైవాళ్ళకి కిందివాళ్ళు కనిపిస్తున్నారు, వాళ్ళ కష్టం మాత్రం కనిపించడం లేదు.

అయితే ఆ ఫోన్లలోనే అధికారుల గ్రూపుల పక్కన కార్మికుల సొంత గ్రూపులూ ఉంటాయి. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులపాటు సాగిన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల సమ్మె మనందరికీ గుర్తుంది. ఎస్మా ప్రయోగించినా వాళ్ళు వెనక్కి తగ్గలేదు. అంతమంది అన్ని రోజులు నిలబడటం వెనక సంఘాలు ఏళ్ళ తరబడి కట్టుకున్న సంబంధాలున్నాయి. కబురు అందడానికి ఫోను ఉపయోగపడి ఉంటుంది, నమ్మకం మాత్రం ఫోను ఇచ్చింది కాదు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకినప్పుడు ఎవరి చేతిలోనూ ఫోను లేదన్నది కూడా గుర్తుచేసుకుందాం.

కాబట్టి ఏ పరికరం గురించైనా నేను వేసే ప్రశ్న ఇది: దీనివల్ల పైవాళ్ళకి కిందివాళ్ళు మాత్రమే కనిపిస్తారా, లేక పనిచేసేవాళ్ళందరూ ఒకరికొకరు కనిపిస్తారా? డైరెక్టరు నెత్తిమీద ఏ పనులున్నాయో కార్యకర్తకి తెలుస్తుందా? బడ్జెటు షీటు అందరూ చూడగలరా? చూపు రెండువైపులా సాగితే అది సహకారం. ఒకవైపే సాగితే అది కాపలా.

ఇందులో మనకి పనికొచ్చేది

ఇంత విమర్శ చేశాక ఈ పరికరాలు వద్దని అంటానేమో అనుకోవచ్చు. అలా అనడం లేదు. చీకటి పడ్డాక మీటింగుకి రాలేని కార్యకర్త ఇంటి నుంచే పాల్గొనగలదు. రాయడం రాని ఆమె తన గొంతుతో మెసేజి పంపగలదు. మన సంఘాల్లో చదువుకున్నవాళ్ళ ఆధిపత్యాన్ని ఈ ఒక్క సౌకర్యం కొంత తగ్గించింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వలస కూలీలు ఎక్కడెక్కడ చిక్కుకున్నారో, ఎవరికి బియ్యం అందాయో, ఎవరికి అందలేదో వేర్వేరు ఊళ్ళలోని సంస్థలు ఒకే షీటులో రాసుకుని పని పంచుకున్నాయి. ఆ పని ఉత్తరాలతో జరిగేది కాదు.

నిజనిర్ధారణ నివేదికల్ని అందరూ ఒకే దస్తావేజులో కలిసి రాస్తే, ఏ పేరా ఎవరు రాశారో, ఎవరు మార్చారో దాని చరిత్రలో మిగులుతుంది. ఇందాక చెప్పిన సమాచారం సేకరించేవాళ్ళు, రచయితలు అన్న విభజనని ప్రశ్నించడానికి అది ఒక సాక్ష్యం. గొంతుతో చెప్పినదాన్ని ఇంకొకరు రాసి పెట్టినా చెప్పినామె పేరు అక్కడ ఉండాలి.

మాట, పని, జ్ఞాపకం

మన సంస్థల్లో ఇబ్బంది ఎక్కడ వస్తోందంటే మూడు వేర్వేరు విషయాల్ని ఒకే గ్రూపులో కుక్కుతున్నాం. ఒకటి మాట, రెండు పని, మూడు జ్ఞాపకం. మాట ప్రవాహం లాంటిది, వచ్చి వెళ్ళిపోతుంది. పనికి ఒక మనిషి, ఒక గడువు ఉండాలి. జ్ఞాపకం స్థిరంగా ఒకచోట ఉండాలి. కలెక్టరుకి ఇచ్చిన అర్జీ, పండగ శుభాకాంక్షలు, రేపటి కోర్టు వాయిదా ఒకదాని వెంట ఒకటి వచ్చి పడితే ఏది పనో, ఏది కబురో తేల్చుకోలేం. వాయిదా తప్పిపోతే నష్టపోయేది మన దగ్గరికి వచ్చిన బాధితురాలు.

మాటకి గ్రూపు చాలు. పనికి బోర్డు కావాలి. ట్రెలో లాంటివి చేసేది అదే. మూడు నిలువు గడులు ఉంటాయి: చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో చీటీ. దాని మీద ఎవరు, ఏమిటి, ఎప్పటికి అని ఉంటుంది. ఈ పద్ధతికి మూలం జపాన్‌లోని టొయోటా కార్ల ఫ్యాక్టరీలో వాడిన కాన్‌బాన్ చీటీలు. కంప్యూటరు లేకపోయినా గోడ మీద చార్టు అతికించి రంగు కాగితాలతో చేసుకోవచ్చు. వారానికోసారి దాని ఫొటో గ్రూపులో పెడితే దూరంగా ఉన్నవాళ్ళకీ తెలుస్తుంది.

ఈ పద్ధతిని వాడేవాళ్ళు పాటించే నియమం ఒకటి మనకి చాలా ముఖ్యం. "చేస్తున్నవి" అన్న గడిలో ఒక మనిషి పేరు మీద ఇన్నిటికి మించి చీటీలు ఉండకూడదని ముందే పరిమితి పెట్టుకుంటారు. కౌన్సెలింగ్ చేసే కార్యకర్త చేతిలో ఒకేసారి ఎన్ని కేసులు ఉండవచ్చు? ఈ ప్రశ్న మనం సాధారణంగా అడగం. బాధలో ఉన్న స్త్రీ తలుపు తడితే కాదనలేం, కాబట్టి ఆమె భుజాల మీదే అన్నీ వేస్తాం. ఆమె అలిసిపోయి ఒకరోజు ఉద్యోగం మానేస్తే "నిబద్ధత లేదు" అనుకుంటాం. బోర్డు మీద ఒకరి పేరున తొమ్మిది చీటీలు, ఇంకొకరి పేరున రెండు కనిపిస్తే అది వ్యక్తి బలహీనత కాదని, పంపకంలో లోపమని అందరి ముందూ తేలుతుంది. పరిమితి దాటిన కేసుని ఎవరు తీసుకోవాలో, ఏ సంస్థకి పంపాలో కూర్చుని ఆలోచిస్తాం. బోర్డు మీద టీ పెట్టడం, గది శుభ్రం చెయ్యడం, ఏడుస్తున్న మనిషి పక్కన రాత్రంతా ఆసుపత్రిలో కూర్చోవడం కూడా చీటీలుగా ఉండాలి. లేకపోతే కొత్త పరికరం కూడా పాత అబద్ధమే చెబుతుంది.

మూడోది జ్ఞాపకం. మన పొదుపు సంఘాల్లో తీర్మానాల పుస్తకం ఉంటుంది. మీటింగులో అనుకున్నది రాసి, చదివి వినిపించి, అందరిచేతా సంతకమో వేలిముద్రో వేయిస్తారు. చదివి వినిపించడం అన్న నియమం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. నిర్ణయాలకి మనకీ అలాంటి ఒక చోటు కావాలి. అది పుస్తకమైనా, అందరూ తెరవగలిగిన దస్తావేజైనా ఫరవాలేదు. అది ఒక్కరి ఫోనులో, ఒక్కరి పాస్‌వర్డు కింద ఉండకూడదు. ఆ ఒక్కరు వెళ్ళిపోయిన రోజున సంస్థ పదేళ్ళ చరిత్ర ఆమెతోపాటు వెళ్ళిపోతుంది.

మనం రాసుకోవలసిన కట్టుబాట్లు

చివరగా కొన్ని కట్టుబాట్లు ప్రతిపాదిస్తాను. వీటిని మీమీ సంస్థల్లో చర్చించి మార్చుకోండి.

మొదటిది సమయం. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి యాభైమందికి పైగా ఉన్న సంస్థలు, పనివేళలు దాటాక ఫోనుకీ మెయిలుకీ దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని చట్టం ఉంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగకుండా మన సంస్థ నియమావళిలో మనమే రాసుకోవచ్చు. రాత్రి వేళ ప్రాణాపాయం ఉన్న కేసులకి ఫోను చెయ్యాలి, మిగతావి ఉదయం దాకా ఆగాలి. ఆ రాత్రి ఫోను ఎత్తే బాధ్యత వంతులవారీగా ఉండాలి, దానికి సెలవో భత్యమో ఇవ్వాలి. పని కోసం వాడే ఫోనుకి రీచార్జి ఖర్చు సంస్థదే.

రెండోది నిర్ణయం. గ్రూపులో చర్చ మొదలుపెట్టవచ్చు, ముగించకూడదు. కనీసం రెండు రోజుల వ్యవధి ఇవ్వాలి. దణ్ణం బొమ్మనీ, మౌనాన్నీ, నీలం టిక్కుల్నీ అంగీకారంగా లెక్కించకూడదు. మాట్లాడనివాళ్ళని పేరు పెట్టి, ఫోను చేసి అడగాలి. 2018లో వాట్సాప్ అడ్మిన్లు మాత్రమే రాయగలిగే ఏర్పాటు తెచ్చింది. కబుర్లు అందించే గ్రూపుకి అది సరే. చర్చ జరగవలసిన గ్రూపుకి అలా తాళం వేస్తే అది మైకు లాక్కోవడమే. అడ్మిన్ బాధ్యత కూడా ఆరు నెలలకోసారి చేతులు మారాలి.

మూడోది గోప్యత. ఇది ప్రాణాలకి సంబంధించిన సంగతి. బాధితురాలి పేరు, ఫొటో, ఊరు, ఆధార్ కార్డు, ఎఫ్‌ఐఆర్ కాపీ గ్రూపులో పెట్టడం చాలాచోట్ల చూస్తున్నాం. అత్యాచారానికి గురైన స్త్రీ గుర్తింపు వివరాలు ప్రచురించడం పాత ఐపీసీ 228-ఎ కింద నేరం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ అదే చెబుతోంది. లైంగిక వేధింపుల ఫిర్యాదు వివరాలు బయటపెట్టకూడదని 2013 చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. వాట్సాప్‌లో మెసేజిలు దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే. కానీ అవి చేరిన ఫోను ఎవరి చేతిలో ఉందో, ఎవరు స్క్రీన్ ఫొటో తీశారో ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయి ఎక్కడ దాక్కుందో ఒక్క ఫార్వర్డుతో వెతికేవాళ్ళకి తెలిసిపోతుంది. కేసులకి నంబర్లు వాడాలి. పేర్లూ కాగితాలూ ఆ కేసు చూసే ఇద్దరి దగ్గరే ఉండాలి.

నాలుగోది వేధింపు. ఆఫీసు గ్రూపులో అసభ్యమైన బొమ్మలు, ద్వంద్వార్థాల జోకులు పెట్టడం, రాత్రివేళ విడిగా మెసేజిలు పంపడం పని స్థలంలో వేధింపే. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థల్లోని ఆడవాళ్ళు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. సభ్యులు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయినందుకే నేరం అంటదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. అది అడ్మిన్‌కి ఊరట. సంస్థ యాజమాన్యానికి 2013 చట్టం పెట్టిన బాధ్యత మాత్రం అలాగే ఉంటుంది.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. ఏ కొత్త యాప్, ఏ కొత్త షీటు పెట్టేముందైనా దాన్ని నింపేవాళ్ళతో కూర్చుని మూడు ప్రశ్నలు అడగాలి. దీన్ని నింపడానికి రోజుకి ఎంతసేపు పడుతుంది? దీనికి బదులుగా ఏ పాత రిజిస్టరు మానేస్తున్నాం? నింపినందువల్ల నింపినామెకి ఏం తెలుస్తుంది? మూడింటికీ జవాబు లేకపోతే ఆ షీటు వద్దని ఫండింగ్ సంస్థకి చెప్పే ధైర్యం మనకుండాలి.

ప్రభుత్వ పథకాల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళ మీద యాప్‌ల భారం గురించి మనం కరపత్రాలు వేస్తున్నాం, వాళ్ళ ధర్నాలకి వెళ్ళి మద్దతు చెబుతున్నాం. ఆ మాటలు మన సంస్థల గడప లోపల కూడా చెల్లాలి. వచ్చే నెల మీ మీటింగులో ఒక గంట ఈ విషయానికి కేటాయించండి. మన గ్రూపులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు, ఎవరి పేరున ఎన్ని పనులున్నాయి అని లెక్క వెయ్యండి. అనుకున్న కట్టుబాట్లని తీర్మానాల పుస్తకంలో రాసి, చదివి వినిపించండి. "గ్రూపులో పెట్టాం కదా" అనే బదులు "నీకు అందిందా? నీ వల్ల అవుతుందా? ఎవరైనా తోడు రావాలా?" అని అడిగే అలవాటు చేసుకుందాం.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ముఖ్యంగా క్షేత్రంలో పనిచేసేవాళ్ళు ముందు మాట్లాడితే బాగుంటుంది. మీ దగ్గర ఏం జరుగుతోందో చెప్పండి.